హైదరాబాదు గంటా పది, మధురపూడి రెండూ నలభై

మా మనవడిది ఏడో తరగతి. వేసవి సెలవులకి రాజోలు వచ్చి, ఓ మధ్యాహ్నం వీధరుగు మీద కూర్చుని ఫోను నొక్కుతూ, “తాతా, రాజమండ్రి నుంచి హైదరాబాదు ఎంత దూరమో చెప్పు చూద్దాం” అన్నాడు. ముప్పై ఆరేళ్లు ఆర్టీసీలో చేసినవాణ్ణి. కండక్టరుగా ఎక్కి కంట్రోలరుగా దిగాను. నన్నా అడగడం! “ఏ దారినరా? విజయవాడ మీంచా, ఖమ్మం మీంచా? ఎక్స్‌ప్రెస్సా, లగ్జరీయా? ఎన్నింటికి బయల్దేరతావు? పండగ రోజా, మామూలు రోజా?” అన్నాను. వాడికి నవ్వొచ్చింది. “అవేం అక్కర్లేదు తాతా. గీత గీస్తే 360 కిలోమీటర్లు. విమానంలో గంటా పది నిమిషాలు. అంతే.”

ఆ ‘అంతే’ దగ్గరే నాకు పేచీ.

వాడి లెక్కలో తప్పు లేదు. పటం తెచ్చి స్కేలు పెట్టి నేనూ చూశాను. మధురపూడి విమానాశ్రయం, శంషాబాదు విమానాశ్రయం దాదాపు ఒకే అడ్డగీత మీద ఉన్నాయి. శంషాబాదు ఓ పదిహేను కిలోమీటర్లు ఉత్తరానికి జరిగి ఉంటుందేమో, అంతే. విమానం రాజమండ్రిలో లేచి, గోదావరి దాటి, తిన్నగా పడమటికి పట్టుకుంటే చాలు. కింద ఖమ్మం, సూర్యాపేట ప్రాంతాలు వస్తాయి, ఆ తర్వాత శంషాబాదు. అలాంటి తిన్నని దారి నేల మీద మనకి ఎప్పుడూ లేదు. రైలు విజయవాడ దాకా కిందికి దిగి, మళ్లీ ఖమ్మం ఎక్కి, వరంగల్లు, కాజీపేట చుట్టి సికింద్రాబాదు చేరేసరికి సుమారు 500 కిలోమీటర్లు అవుతుంది. బస్సు ఏలూరు, విజయవాడ, సూర్యాపేట మీదుగా 430 దాకా తిరుగుతుంది. ఖమ్మం నుంచి మన దేవరపల్లికి అడ్డంగా తీసుకొస్తున్న 162 కిలోమీటర్ల కొత్త హైవే ఒక్కటే ఇన్నాళ్లకి ఆ గీతకి దగ్గరగా వచ్చింది. అది మొత్తం వాడుకలో పడితే విమానం నీడలోనే కారు పోతుంది.

ఈ 360 కిలోమీటర్లకి మా ఆవిడ దగ్గర ఇంకో కొలత ఉంది. సాయంత్రం దేవుడి దగ్గర దీపం పెట్టేసి అమ్మాయికి ఫోను చేస్తే, హైదరాబాదు మియాపూరులో ఇంకా ఎండ పొడ ఉందంటుంది. మనకీ వాళ్లకీ పొద్దు సుమారు పద్నాలుగు నిమిషాలు తేడా. దేశమంతటికీ గడియారం దిద్దే 82½ డిగ్రీల గీత కాకినాడ పక్క నుంచే పోతుంది. అందుకని మన గోదావరి వాళ్ల గడియారం సూర్యుడితో దాదాపు సరిగ్గా నడుస్తుంది, హైదరాబాదు వాళ్లది పావుగంట ముందుకు తిప్పి పెట్టినట్టు ఉంటుంది. పొద్దు పద్నాలుగు నిమిషాల్లో పోయే దారిని ఏటీఆర్ విమానం యాభై నిమిషాల్లో, రాత్రి బస్సు తొమ్మిది పది గంటల్లో పోతాయి. ఎవరి బండి వాళ్లది.

మా కంట్రోలర్ల నోట దూరం అనే మాట పెద్దగా రాదు. మేం చూసేది రన్నింగ్ టైము. ఒకే రాజోలు–రాజమండ్రి దారికి తెల్లవారు ట్రిప్పుకి ఒక టైము, పదింటి ట్రిప్పుకి ఇంకో టైము. మార్కెట్టు నడిచే వేళ రావులపాలెంలో అరటి గెలల లారీల మధ్య నుంచి బస్సు బయటపడడానికి విడిగా ఆరేడు నిమిషాలు కలుపుకోవాలి. విమానాల వాళ్లూ అదే చేస్తారని తెలిసి నాకు ముచ్చటేసింది. టికెట్టు మీద ఉండే గంటా పది అంతా గాల్లో ఉండే టైము అనుకుంటాం. నిలబెట్టిన చోటు నుంచి విమానం కదిలిన నిమిషం మొదలు అవతల ఆగిన నిమిషం దాకా అదంతా లెక్కే. బ్లాక్ టైమ్ అంటారట. రన్‌వే చివరి దాకా పాకడం, అనుమతి కోసం ఆగడం, శంషాబాదు పైన వరసలో కాచుకోవడం, ఎదురుగాలి, అన్నీ చూసుకుని కాస్త వదులుగానే రాస్తారు. అందుకే ఆలస్యంగా లేచిన విమానం కూడా ఒక్కోసారి టైముకే దిగి శభాష్ అనిపించుకుంటుంది. ఈ కిటుకు మా డిపోలో చార్టులు వేసేవాళ్లకి ఎప్పటినుంచో తెలుసు.

మొన్న మాఘమాసంలో అమ్మాయి మియాపూరులో కొన్న ఫ్లాటుకి గృహప్రవేశం. మా ఆవిడ గిన్నెలూ చాపలూ సర్దుకుని పది రోజుల ముందే రైల్లో వెళ్లిపోయింది. నాకు మోకాళ్ల నొప్పులు. “రాత్రంతా బస్సులో ఎలా కూర్చుంటావు నాన్నా, విమానంలో వచ్చెయ్, గంటా పది” అని అమ్మాయి టికెట్టు కొని పంపింది. మళ్లీ అదే గంటా పది. సరే, ఈసారి తేల్చేద్దాం అని జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని, కండక్టరు ట్రిప్పు కాగితం మీద రాసినట్టు టైములు రాసుకుంటూ వెళ్లాను. ఆ పుస్తకం ఇప్పుడు నా ముందు ఉంది.

ఇంటి గుమ్మం 5.50. తాటిపాక సెంటరు 6.02. ఒకటే మంచు. కారు కుర్రాడు అద్దం దించి, తల బయటపెట్టి, కాలవ ఎటుందో చూసుకుంటూ నడిపాడు. కోనసీమలో మంచు రోజున డ్రైవరు కళ్లు రోడ్డుకంటే ముందు కాలవని వెతుకుతాయి. పి.గన్నవరం 6.40, వైనతేయ దాటాం. కొత్తపేట 7.08. రావులపాలెం 7.25, టీకి ఎనిమిది నిమిషాలు. జొన్నాడ వంతెన మీద గౌతమి దాటి వేమగిరి 7.52. రాజమండ్రి పక్క నుంచి కోరుకొండ రోడ్డు పట్టుకుని మధురపూడి గేటు 8.30. సుమారు వంద కిలోమీటర్లు, రెండు గోదావరి పాయలు, రెండు గంటల నలభై నిమిషాలు. రానూపోనూ కారు బాడుగ విమానం టికెట్టుతో పోటీ పడింది.

లోపల తనిఖీ దగ్గర నా చేతిసంచీ ఆపేశారు. అందులో అంబాజీపేట మార్కెట్టులో ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టి ఊపి ఏరుకున్న కురిడీలు తొమ్మిది ఉన్నాయి. కురిడీ అంటే కాయలోనే నీరు ఇంకిపోయి, గుండుగా ఎండి, ఊపితే లొటలొటమనే కొబ్బరి. గృహప్రవేశానికి తాంబూలాల్లోకని తీసుకెళ్తున్నాను. తనిఖీ చేసే అబ్బాయి మర్యాదస్తుడు. “ఇవి వెళ్లవండి తాతగారూ, ఎండు కొబ్బరి” అన్నాడు.

“ఏం బాబూ, ఎండు కొబ్బరి ఏం చేసిందండి?”

“అంటుకుంటుందండి. రూలండి.”

తర్వాత అల్లుడు చెప్పాడు, నిజమేనట. నూనె ఎక్కువుండే ఎండు కొబ్బరి తనలో తానే వేడెక్కి రాజుకుంటుందని ప్రపంచమంతా విమానాల్లో దాన్ని ప్రమాదకరమైన సరుకుల జాబితాలో పెట్టారు. కావచ్చు. మా అటక మీద కురిడీలు ఏడాదికేడాది అలాగే ఉంటాయి, ఇంతవరకూ ఒక్కటీ రాజుకోలేదు. ఆ అబ్బాయితో వాదించలేదు. తొమ్మిది కురిడీలూ ట్రేలో వరసగా పెట్టేసి వచ్చాను. ఆత్రేయపురం పూతరేకులు మాత్రం దర్జాగా లోపలికి వచ్చాయి. దిగేసరికి వాటిలో సగం పొడి.

విమానం 10.05కి. కదిలింది 10.11. లేచింది 10.19. అప్పటికి మంచు విడిపోయింది. నాది ఎడమ కిటికీ. రెండు పంకాల చిన్న విమానం కాబట్టి మరీ మబ్బుల్లోకి పోలేదు, కింద అంతా కనబడుతూనే ఉంది. దూరంగా ధవళేశ్వరం ఆనకట్ట గీత, దాని కింద గోదావరి గౌతమిగా వసిష్ఠగా చీలిపోవడం, ఆ పాయల నడుమ పచ్చటి ముద్దలా మా కోనసీమ. పొద్దున్న రెండూ నలభై పట్టిన దారంతా అద్దం మీద నా బొటనవేలు కిందికి వచ్చింది. పక్కసీటు ఆయనకి చూపిద్దామనుకున్నాను. ఆయన అప్పటికే నిద్రపోయాడు.

శంషాబాదులో చక్రాలు నేలకి తగిలింది 11.08. ఆగింది 11.15. పెట్టె చేతికి వచ్చింది 11.40. పుష్పక్ బస్సు 11.55. దాని గురించి ఒక మంచి మాట చెప్పాలి: ఎయిర్‌పోర్టు గుమ్మంలోనే నిలబడి ఉంది, ఎక్కాను, కదిలింది. మియాపూరు 1.20. అమ్మాయి గుమ్మం 1.40.

మొత్తం ఏడు గంటల యాభై నిమిషాలు. అందులో గాల్లో ఉన్నది నలభై తొమ్మిది నిమిషాలు, పదో వంతు. మిగతా తొమ్మిది వంతుల్లో విమానానికి పాత్ర లేదు. బేగంపేటలో దిగే రోజుల్లో ఊరి మధ్యలోనే దిగేవాళ్లు. 2008 మార్చిలో శంషాబాదు తెరిచాక హైదరాబాదు వైపూ దూరం పెరిగింది. కానీ అటువైపు ఫ్లైఓవరు ఉంది, రింగురోడ్డు ఉంది, పుష్పక్ ఉంది. పెరిగిన దూరాన్ని వాళ్లు చాలావరకు పూడ్చుకున్నారు. మా వైపే ఆ పని మిగిలిపోయింది.

రాత్రి బండి సంగతి చూడండి. చించినాడ వంతెన వచ్చాక రాజోలు వాడికి దగ్గరి రైలు స్టేషను వసిష్ఠ అవతల పాలకొల్లు. సాయంత్రం టిఫిను చేసి బయల్దేరి నరసాపురం నుంచి వచ్చే రాత్రి బండి ఎక్కితే తెల్లారేసరికి హైదరాబాదు. గంటలు చూస్తే విమానం రోజుకంటే ఎక్కువే. కానీ నిద్రలో పోయిన గంటల్ని ఎవడు లెక్కెడతాడు? విమానం నాకు ఒక పగలు ఖర్చు రాసింది. అసలు గోదావరి జిల్లాల వాళ్లకి హైదరాబాదు అంటే రాత్రి పడుకుని పొద్దున్న లేచే ఊరు. 1974లో గోదావరి ఎక్స్‌ప్రెస్ మొదలైన దగ్గర్నుంచీ అంతే. సెక్రటేరియట్ పనికైనా, పిల్ల పెళ్లిచూపులకైనా అదే లెక్క: బెర్తు దొరికితే హైదరాబాదు దగ్గర, దొరక్కపోతే దూరం.

తిరుగు ప్రయాణం గురించి క్లుప్తంగా. పొద్దున్న విమానం. రాజమండ్రి పైకి వచ్చేసరికి కింద ఊరు లేదు, మంచు పాలపొంగులా పరుచుకుని ఉంది. నాలుగు చుట్లు తిరిగి విమానం మళ్లీ శంషాబాదే పోయింది. మంచుకి ఎవర్ని అంటాం? మాఘంలో గోదావరి పక్కన మంచు కురవకపోతే ఇంకెక్కడ కురుస్తుంది? కాకపోతే దిగాక మళ్లీ ఎప్పుడు తీసుకెళ్తారో చెప్పే దిక్కు లేకపోయింది. కౌంటరులో పిల్ల కంప్యూటరు చూసి “చెప్తాం సర్” అంది, ఓ గంట తర్వాతా అదే అంది. బస్టాండులో కంట్రోలరు అలా అంటే ప్రయాణికులు కిటికీలోంచి చొక్కా పట్టుకునేవారు. నేనే లేచి, ఊళ్లోకి పోయి, ఆ రాత్రి బస్సెక్కి మర్నాడు పొద్దున్న రావులపాలెంలో దిగాను. మోకాళ్లు ఇంటికొచ్చాక మాట్లాడాయి.

ఇదంతా విమానం వద్దని కాదు. మధురపూడి రన్‌వే ఒకప్పుడు 1,749 మీటర్లు, ఏటీఆర్ లాంటి చిన్నవే దిగేవి. ఇప్పుడది 3,165 మీటర్లు. 2024 డిసెంబరులో ముంబైకీ, ఢిల్లీకీ నేరుగా పెద్ద విమానాలు మొదలయ్యాయి. అంతకుముందు ఢిల్లీ ఆసుపత్రికి పోవాల్సిన గుండె జబ్బు మనిషి దారిలో ఇంకో ఊళ్లో దిగి ఎక్కాల్సి వచ్చేది. రాజమండ్రి దానవాయిపేటలో ఉండేవాడికి మధురపూడి పద్దెనిమిది కిలోమీటర్లు, అతనికి హైదరాబాదు నిజంగానే దగ్గరైంది. నేను కాదనను. 2023 సంక్రాంతి రోజున మొదలైన వందేభారత్ కూడా అంతే, విశాఖ నుంచి సికింద్రాబాదు 699 కిలోమీటర్లు ఎనిమిదిన్నర గంటల్లో పోతుంది, రాజమండ్రిలో ఆగుతుంది. రాజమండ్రి వాడికి బాగుంది. రాజోలు వాడు ఆ బండి అందుకోవాలంటే ముందు గోదావరి దాటాలి.

మాకో పాత హాస్యం ఉంది. అమెరికాలో ఉన్న మా దూరపు బంధువొకాయన ఫోను చేసి “బాబాయ్, గన్నవరం ఎయిర్‌పోర్టుకి టికెట్టు తీశాను, మీ పక్కూరేగా, వచ్చి తీసుకెళ్లండి” అన్నాడు. చిన్నప్పుడు సెలవులకొచ్చి చూసింది మా పి.గన్నవరం. ఆయన దిగేది విజయవాడ పక్క గన్నవరం. మా గన్నవరంలో దిగేవి కొంగలు. కాలవని నది మీదుగా దాటించిన అక్విడెక్టు మాత్రం ఉంది, కాటన్ దొర కాలంలో వైనతేయ మీద కట్టింది. నీళ్లు గోదావరి దాటడానికి నూట డెబ్భై ఏళ్ల కిందటే దారి వేశారు. మనుషుల సంగతి తర్వాత చూద్దామనుకున్నారేమో.

మా తాతగారు రాజమండ్రి కోర్టుకి పడవ మీద వెళ్లేవారు. పోయేటప్పుడు కాలవకి ఎదురు, గోచీలు బిగించిన మనుషులు గట్టు మీద నడుస్తూ తాడు పట్టి లాగేవారట. వచ్చేటప్పుడు వాలు, తెరచాప ఎత్తి పడుకుంటే చాలు. అందుకని ఆయన “రాజమండ్రి ఎంత దూరం” అంటే “పోవడానికా, రావడానికా” అని అడిగేవారు. మా మనవడికి నేను వేసిన ప్రశ్నలు ఆయన దగ్గర్నుంచి వచ్చినవే.

ఈ దీవుల్లోకి రైలు తేవాలన్న ఆలోచన కొత్తది కాదు. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లోనే రైలు వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో పట్టాలు పీక్కుపోయారు. మళ్లీ 2004లో బండి నడిచింది. అరవై ఏళ్ల పైమాట. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురానికి 57 కిలోమీటర్ల లైను కోసం లోక్‌సభ స్పీకరుగా ఉండగా బాలయోగిగారు గట్టిగా పట్టుబట్టారు. 2002 మార్చి 3న భీమవరం నుంచి వస్తుండగా ఆయన ఎక్కిన హెలికాప్టరు కైకలూరు దగ్గర చేపల చెరువులో కూలింది. నేలమీద దారి కోసం అంత తాపత్రయపడ్డ మనిషిని ఆకాశం తీసుకుపోయింది. ఆ రోజు అమలాపురం బస్టాండులో బస్సులు ఎవరూ ఆపమనకుండానే ఆగిపోయాయి. లైను కోసం గౌతమి, వైనతేయ, వసిష్ఠ మూడింటి మీదా వంతెనలు కట్టాలి. పాతికేళ్లు గడుస్తున్నా మా మీంచి రైలు పోలేదు.

సఖినేటిపల్లి రేవు సంగతీ అంతే. అవతల నరసాపురం దీపాలు ఇక్కడికి కనబడతాయి. పంటు అనే బల్లకట్టు మీద వసిష్ఠ దాటాలి. మోటారు సైకిళ్లు, కార్లు, కొబ్బరి బస్తాలు, పెళ్లివారు అందరూ దాని మీదే. జూలై ఆగస్టుల్లో వరద ఎర్రగా దిగితే పంటు కట్టేస్తారు. అప్పుడు ఎదురుగా కనబడే నరసాపురం వెళ్లడానికి దిండి మీదుగా చుట్టు తిరగాలి. వంతెన మాట ఎన్నికలు వచ్చినప్పుడల్లా వస్తుంది, అవగానే పంటు ఎక్కి అవతలికి పోతుంది.

కుర్రతనంలో కొన్నాళ్లు నేను ఆ రేవులో డ్యూటీ చేశాను. రాత్రి బండి నరసాపురంలో దిగినవాళ్లు ఆఖరి పంటు ఎక్కి వస్తారు, వాళ్లకోసం ఇవతల రాజోలు ఆఖరి బస్సు. చార్టు ప్రకారం 9.30కి వదిలెయ్యాలి. గడియారం 9.30 చూపిస్తుంది, నది మధ్యలో పంటు మీద లాంతరు ఊగుతూ ఉంటుంది. డ్రైవరు ఇంజను స్టార్టు చేసి నావైపు చూస్తాడు. నేను చెయ్యి అడ్డం పెడతాను. అతను విసుక్కుని ఇంజను ఆపుతాడు. చీకట్లో నీళ్ల చప్పుడు, పంటు మీద ఎవరో పసిపిల్ల ఏడుపు దగ్గరవుతూ వినబడుతుంది. పంటు గట్టుకి తగిలి, పలక దింపి, పెట్టెలు నెత్తిన పెట్టుకుని జనం ఇసకలో పరుగెత్తుకు వచ్చేసరికి 9.42. అందర్నీ ఎక్కించుకుని రైట్ చెప్తే పన్నెండు నిమిషాలు లేటు. మర్నాడు డిపోలో సంజాయిషీ రాసేవాణ్ణి: “పంటు కనెక్షన్ నిమిత్తం”. ఒక్క మెమో కూడా ఇవ్వలేదు. ఆ పన్నెండు నిమిషాలు ఆపకపోతే వాళ్లందరికీ రాజోలు మర్నాటి ఉదయం దాకా దూరం.

మధురపూడికి నేను అడిగేది ఆ చెయ్యే. విమానం దిగే వేళకి బయట అమలాపురం బోర్డుతో ఒకటి, రాజోలు బోర్డుతో ఒకటి, కాకినాడకి ఒకటి బస్సు నిలబడి ఉండాలి. విమానం లేటయితే బస్సూ ఆగాలి. మంచు పడి విమానం రాకపోతే ఆ కబురు రావులపాలెంలో ఉన్న మనిషికి రావులపాలెంలోనే అందాలి. దీనికి పెద్ద ప్లానింగ్ అక్కర్లేదు, రెండు ఆఫీసుల మధ్య ఒక ఫోను, చార్టు వెయ్యడం తెలిసిన ఒక కంట్రోలరు చాలు. ఇప్పటికీ పిలిస్తే నేనే వచ్చి వేసిస్తాను, జీతం వద్దు, టీ ఇప్పిస్తే చాలు.

మా మిత్రులు కొందరు కోనసీమకీ ఓ ఎయిర్‌పోర్టు కావాలని పిటిషన్లు రాస్తున్నారు. నా సంతకం అడిగారు, పెట్టలేదు. కొబ్బరి తోటలు కొట్టి రన్‌వే వేస్తే మాత్రం ఏం? ఆ రన్‌వేకీ ఓ రేవు అడ్డం వస్తుంది. అంతకంటే సఖినేటిపల్లి వంతెన కట్టమనండి. కోటిపల్లి లైను నరసాపురం చేర్చమనండి. మన జిల్లాల్లో పనులు పుష్కరాల లెక్కన జరుగుతాయి. కొవ్వూరు–రాజమండ్రి నాలుగో వంతెన 2015 పుష్కరాలకి తెరిచారు. ఇప్పుడు 2027 పుష్కరాలు వస్తున్నాయి. ఘాట్లకి రంగులు వేసే డబ్బులో కాస్త ఇటు తిప్పితే తప్పేం లేదు. గోదావరిలో మునిగేవాళ్లకి చేసే ఏర్పాట్లలో కొంచెం, రోజూ గోదావరి దాటేవాళ్లకి చెయ్యమని అడుగుతున్నాను.

మొన్న దసరాకి అమ్మాయీ పిల్లాడూ విమానంలోనే వచ్చారు. కారు కట్టించుకుని నేనే తీసుకురావడానికి బయల్దేరాను. తాటిపాక సెంటరులో ఉండగా ఫోను, “నాన్నా, విమానం ఎక్కేశాం, ఫోను ఆపేస్తున్నా” అంది. సరేనమ్మా అన్నాను. గన్నవరంలో కొబ్బరి లారీ రోడ్డుకి అడ్డం తిరగలేక ముందుకీ వెనక్కీ ఆడుతోంది, అక్కడ పది నిమిషాలు. కొత్తపేటలో అమ్మవారి ఊరేగింపు. రావులపాలెం దాటేసరికి ఫోను మళ్లీ మోగింది. ఈసారి పిల్లాడు.

“తాతా, దిగిపోయాం! ఎక్కడున్నావ్?”

“జొన్నాడ వంతెన మీదున్నానురా.”

“ఇంకా ఎంత దూరం?”

కారు కుర్రాడు అద్దంలోంచి నావైపు చూశాడు. ముందు వంతెన నిండా ట్రాక్టర్లు. “మీ అమ్మని ఏమన్నా తినమను” అన్నాను.